ఊ కొట్టిన ఊకమ్మ

అనగనగా ఒక అడవిలో, ఏడు కొండల నడుమ, ఒక జెముడుకాకి ఉండేది. నల్లటి ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. చూడటానికి బాగానే ఉండేది. పాడమంటే మాత్రం "ఊ... ఊ..." తప్ప ఇంకేమీ వచ్చేది కాదు, పాపం. అందుకని అడవిలో అందరూ ఆమెను ఊకమ్మ అని పిలిచేవారు. ఊక అంటే ధాన్యం మీది పొట్టే కదా! పనికిరానిదన్న వెక్కిరింత కూడా ఆ పేరులో కలిసిపోయింది.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కథ చెబుతుంటే ఇంకొకరు ఊ కొట్టాలి. ఊ కొట్టేవారు లేకపోతే కథ అక్కడితో ఆపేయాలి. మీరు కూడా ఊ కొడుతూ కొడుతూ నిద్రపోతే నేను కథ ఆపేస్తాను కదా, అలాగన్నమాట. ఆ పనికి మాత్రం అందరికీ ఊకమ్మే కావాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. అయినా ఊకమ్మకు వినడమంటే ఇష్టం.

ఆమె దగ్గర ఒక చిన్న పిగిలిపిట్ట పెరిగేది. పేరు చివురు. ఒక గాలివానలో తల్లి తప్పిపోతే, ఊకమ్మే పురుగూ పండూ నోటికి అందించి పెంచింది. చివురు ఆమెను "పెద్దమ్మా" అనేది. ఆ పిల్ల పాడితే, నీళ్లకు వచ్చిన జింకలు తాగడం మరిచిపోయి నిలబడేవి.

ఆ అడవిలో పాటకు పెద్ద దిక్కు ఒక కొండముచ్చు. పేరు రాగాలయ్య. అతనికి పాడటం రాదు. కానీ పలికేబండ అతని చేతిలో ఉంది. ఆ బండ మీద నిలబడి పాడితే ఏడు కొండలకూ వినబడుతుంది. కింద నిలబడి ఎంత బాగా పాడినా పక్క చెట్టుకు వినబడితే గొప్ప. బండ ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో అంతా రాగాలయ్య చెప్పినట్టే. చిన్నప్పుడు ఊకమ్మ కూడా ఒకసారి వెళ్లి అడిగింది.

"నువ్వు ఎక్కితే బండకు జలుబు చేసిందనుకుంటారే!" అని అతను పగలబడి నవ్వాడు.

ఆ కోరిక ఊకమ్మకు ఇంకా లోపల ఉంది. తనకు పాట రాదని తెలిసినా ఉంది.

తొలకరి పండగ దగ్గరపడింది. ఏటా ఆ పండగకు ఒక కొత్త గొంతు బండ ఎక్కుతుంది. ఈసారి రాగాలయ్య చివురును ఎంచుకున్నాడు.

"రేపు పొద్దున్న పిల్లను సాధనకు నా గుహకు పంపు, ఊకమ్మా" అన్నాడు. "ఒక్కతే రావాలి. పక్కన ఎవరైనా ఉంటే శ్రుతి కుదరదు."

అడవి అంతా వచ్చి ఊకమ్మను మెచ్చుకుంది. చివురు మాత్రం రెక్కలు దగ్గరికి ముడుచుకుంది.

"నాకు వెళ్లాలని లేదు పెద్దమ్మా. ఆయన చూసే చూపు నాకు నచ్చలేదు."

"తప్పు! పెద్దాయనను అలా అనవచ్చా? వచ్చిన అదృష్టాన్ని ఎవరైనా కాలదన్నుకుంటారా?"

చివురు ఇంకేదో చెప్పబోయింది. అడవిలో అందరికీ ఊ కొట్టే ఊకమ్మ, తన పిల్లకు ఊ కొట్టలేదు. బండ మీద నిలబడ్డ చివురే ఆమె కళ్ల ముందు ఆడుతోంది. మర్నాడు తనే ముక్కుతో ఈకలు దువ్వి పంపింది.

చివురు మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. ఎంతో ఇష్టమైన బలుసుపండ్లు ముందు పెడితే ముట్టుకోలేదు. కొమ్మ మారబోయి ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు చూసింది ఊకమ్మ. ఎడమ రెక్కలో ఒక పొడుగాటి ఈక లేదు. ఆ చోట ఎర్రగా కందిపోయి ఉంది.

ఊకమ్మకు వంద ప్రశ్నలు గొంతు దాకా వచ్చాయి. కానీ ఒక్కటి కూడా అడగలేదు. నిన్న తనే ఎక్కువ మాట్లాడింది. ఇవాళ మాట్లాడవలసింది తను కాదు. మెల్లగా వెళ్లి పిల్లను ఆనుకుని కూర్చుంది. ఎండ చెట్టుకు అటువైపు నుంచి ఇటువైపుకు వచ్చినంతసేపూ అలాగే కూర్చుంది.

"ఈక..." అంది చివురు చివరికి.

"ఊ."

"గుహ వాకిలికి రాయి అడ్డం పెట్టాడు పెద్దమ్మా."

"ఊ."

"నొప్పిగా ఉంది, వద్దు అన్నాను. ఇది గురుదక్షిణ అన్నాడు. ఇంత గౌరవం నీ ఒక్కదానికే అన్నాడు. పండగ లోపు మళ్లీ రమ్మన్నాడు. ఎవరికైనా చెబితే నా గొంతు పోతుందట." అనేసి చివురు ఉలిక్కిపడింది. "అయ్యో! నీకు చెప్పేశాను! నా గొంతు పోతుంది!"

"ఏదీ, ఒకసారి పలుకు తల్లీ."

చివురు భయం భయంగా నోరు తెరిచింది. చిన్న కూత వచ్చింది. ఇంకోసారి కూసింది. ఇంకా బాగా వచ్చింది. గొంతు ఎక్కడికీ పోలేదు. అప్పుడు ఆ పిల్ల పెద్దమ్మ ఈకల్లో తల దూర్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఊకమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, ఈ పిల్ల మళ్లీ ఆ గుహ గడప తొక్కకూడదని గట్టిగా అనుకుంది. ఇంకే పిల్లా తొక్కకూడదు.

మర్నాడు పొద్దున్నే ఊకమ్మ గోరింక ఇంటికి వెళ్లింది. గోరింక కిందటేడు బండ ఎక్కిన గొంతు. చివురు సంగతి ఆమెకు చెప్పలేదు. అది చివురు చెప్పుకోవలసిన మాట.

"ఏం కావాలి ఊకమ్మా? నాకు బోలెడు పని ఉంది" అంది గోరింక.

"ఏం వద్దు. కాసేపు కూర్చుందామని వచ్చా."

గోరింక పుల్లలు సర్దింది. సర్దినవి మళ్లీ పీకి సర్దింది. ఆ తర్వాత, ఎవరో అడిగినట్టే, "నాకూ ఒక ఈక ఉండేది" అంది.

"ఊ."

అంతే, కట్ట తెగింది. అదే గుహ, అదే రాయి, అవే మాటలు.

అక్కడి నుంచి ముసలి కోయిల దగ్గరికి వెళ్లింది. ఒకప్పుడు ఆమె పాడితే ఏడు కొండలూ చెవులు రిక్కించేవి. గొంతు అలిసిందని చెప్పి పాట మానేసింది. అందరూ నమ్మారు.

"ఎన్నో ఏళ్ల కిందటి కథ. ఇప్పుడు ఎవరు ఊ కొడతారే?" అంది కోయిల.

"నేను."

కోయిల చెప్పింది. చివర "ఇంత గౌరవం నీ ఒక్కదానికే అన్నాడు. నేనొక్కదాన్నే అనుకుని ఇన్నేళ్లూ బతికాను" అంది. ఊకమ్మ ఆమెకు ఇంకా దగ్గరగా జరిగింది.

"నువ్వొక్కదానివే కాదు కోయిలమ్మా. మడుగు దగ్గరికి వచ్చి ఈ మాట అందరికీ చెబుతావా? ఇష్టం లేకపోతే వద్దు. చెప్పేది నువ్వే, నీ మాటల్లోనే. నేను ఒక్క మాట కలపను. ఊ మాత్రం కొడతాను."

కోయిల సరేనంది. గోరింక కూడా సరేనంది.

మొదటి రోజు మధ్యాహ్నం నీళ్లకు వచ్చిన జంతువులన్నీ మడుగు గట్టున చేరాయి. ముసలి ఏనుగు అవ్వ మధ్యలో నిలబడింది. గోరింక చెప్పింది, ఊకమ్మ ఊ కొట్టింది. కథ అయ్యేసరికి గొడవ మొదలైంది.

"ఇంత పాట వినిపించిన పెద్దమనిషి మీద ఇదేం నింద?" అంది జింక.

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకుందట?" అంది అడవిపంది.

కొమ్మ మీద కూర్చున్న రాగాలయ్య తీరిగ్గా నవ్వాడు. "కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు" అన్నాడు.

రెండో రోజు కోయిల చెప్పింది. ఆ రోజు అడవిపంది నోరెత్తలేదు. రాగాలయ్య నవ్వలేదు.

మూడో రోజు పొద్దున్నే రాగాలయ్య ఊకమ్మ చెట్టు ఎక్కాడు. గొంతులో తేనె పూసుకుని వచ్చాడు.

"ఊకమ్మా, అప్పుడు చిన్నదానివి, ఏదో తమాషాకి అన్నాను. ఈ పండగకు బండ నీదే. నీ 'ఊ' ఏడు కొండలూ వింటాయి. నువ్వు అబద్ధం చెప్పనక్కర్లేదు, నన్ను పొగడనక్కర్లేదు. ఇవాళ ఎవరు ఏం చెప్పినా ఊ కొట్టకు. అంతే!"

ఊకమ్మకు ఆశ కలగలేదంటే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. కలిగింది. బండ మీద తను, కింద ఏడు కొండలు. ఊరుకోవడమే కదా, అదేం తప్పు అని కూడా ఒక క్షణం అనుకుంది. అంతలో పక్క కొమ్మ మీద ఒరిగి కూర్చున్న చివురు కనబడింది.

"ఊహూ" అంది ఊకమ్మ.

"ఏమిటీ?"

"ఊహూ అన్నాను. వినబడలేదా? దిగు నా చెట్టు."

ఆ మధ్యాహ్నం చివురు ఊకమ్మ పక్కకు వచ్చి, "ఇవాళ నేను చెబుతాను" అంది.

"వద్దు తల్లీ, ఇద్దరు చెప్పారు. నువ్వు చెప్పకపోయినా ఫరవాలేదు. నిన్ను ఆ గుహకు నేను పంపను."

"నాకు చెప్పాలని ఉంది పెద్దమ్మా."

ఈసారి ఊకమ్మ అడ్డం పడలేదు.

చివురు మడుగు గట్టున ఒక రాయి మీద నిలబడింది. అంత చిన్న పిల్ల గొంతు వినడం కోసం తేనెటీగలు కూడా ఆగాయేమో అన్నంత నిశ్శబ్దం. "నాకు వెళ్లాలని లేదని మా పెద్దమ్మతో చెప్పాను" అని మొదలుపెట్టింది.

ఆ మాటకు ఊకమ్మ ఊ కొట్టబోయింది, రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. కన్నీళ్లు వచ్చాయి గాని ఊ రాలేదు.

రాగాలయ్య చప్పట్లు కొట్టాడు. "ఊ లేదు! పద్ధతి ప్రకారం కథ అయిపోయింది! ఇక పదండి, పదండి!"

చివురు బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"ఊ" అన్నారు ఎవరో. అది ఏనుగు అవ్వ.

"ఊ" అంది జింక.

"ఊ" అంది అడవిపంది, తల వంచుకుని.

ఉడుత, కుందేలు, ముళ్లపంది, నీటికోళ్లు అన్నీ అందుకున్నాయి. ఒక్కరు చేసే పని అడవి అంతా చేసింది. చివురు ఒక్కో మాటా చెప్పింది. అడవి ఒక్కో మాటకూ ఊ కొట్టింది. కథ చివరిదాకా సాగింది.

అప్పుడు ఏనుగు అవ్వ, "రాగాలయ్యా, నువ్వూ చెప్పు. నీకూ ఊ కొడతాం" అంది.

రాగాలయ్య ఊకదంపుడు మొదలుపెట్టాడు. పాటకు తను చేసిన సేవ చెప్పాడు. తను లేకపోతే ఈ అడవి మూగదన్నాడు. చివర, "నా గుహలో ఒక్క ఈక ఉంటే చూపించండి!" అన్నాడు.

ఏనుగు అవ్వ ఉడుతకు సైగ చేసింది. ఉడుత తుర్రున వెళ్లి, ఒక ఈక నోట కరుచుకుని వచ్చింది. "ఇది ఒకటే తెచ్చాను అవ్వా. అక్కడ ఈకల పరుపే ఉంది" అంది. అది కోయిలది. కోయిల దాన్ని చూసి కళ్లు మూసుకుంది.

"వాళ్లే ఇష్టపడి ఇచ్చారు!" అన్నాడు రాగాలయ్య.

"ఊ" అంది ఏనుగు అవ్వ. "ఇష్టపడి ఇస్తే, ఎవరికీ చెప్పొద్దని ఎందుకన్నావు నాయనా?"

రాగాలయ్య చుట్టూ చూశాడు. అడవి అంతా ఊ కొట్టడానికి సిద్ధంగానే ఉంది, కానీ చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. తోక వేలాడేసుకుని, కొండ దిగి, ఆ అడవి దాటి వెళ్లిపోయాడు. గుహకు ఏనుగు అవ్వ పెద్ద బండరాయి అడ్డం దొర్లించింది.

జింక కోయిల దగ్గరికి వచ్చింది. "నన్ను క్షమించు కోయిలమ్మా. నాకు ఆ పాటలంటే ప్రాణం. ఇక అవి వినకూడదేమో!"

"పిచ్చిదానా! పాడింది మేము. పాటలు మావి. ఎందుకు వినకూడదు?" అంది కోయిల.

అందరూ వెళ్లిపోయాక మడుగు గట్టున ఊకమ్మ, చివురు మిగిలారు.

"చివురూ, నాకూ ఒక కథ ఉందే" అంది.

చివురు వచ్చి ఆనుకుని కూర్చుంది.

"ఒక పెద్దమ్మ ఉండేది. వెళ్లనని పిల్ల చెబుతున్నా వినలేదు. తనే ఈకలు దువ్వి..."

చివురు తన చిన్న రెక్కను, ఈక లేని ఆ రెక్కనే, పెద్దమ్మ మీద కప్పింది.

"ఊ" అంది. "చెప్పు పెద్దమ్మా. నేను వింటున్నాను."

నీతి: బాధ చెప్పుకునేవారి మాట మధ్యలో ఆపకండి, ఊ కొట్టండి, వినేవారు ఉన్నచోట అన్యాయం దాగదు.