గాలి గోడకు సున్నం

వానమబ్బు కూడా రాజముద్ర చూసుకునే కదులుతుందని కొలువులో అందరూ నమ్మిన కాలంలో, మణిగిరి రాజ్యం కొసన, సముద్రం ఒడ్డున ఉప్పలపాయ అనే ఊరుండేది. ఉప్పు పండించడమే ఆ ఊరి బతుకు.

ఊరివాళ్లు తామే కట్టుకున్న బడి ఒకటుంది. దాని గోడమీద పిల్లలు రోజూ పొద్దున్నే, గాలి ఎటునుంచి వీస్తోందో బొగ్గుతో రాసేవారు. పంతులు అప్పలస్వామి ఆ రాతను తాటాకుల మీదికి ఎక్కించేవాడు. నలభై ఏళ్ల గాలీ వానా ఆ తాటాకుల్లో ఉన్నాయి. పిల్లలు వాటినే చదివేవారు. వాన సూచన కనబడితే ఇళ్లలో చెప్పేవారు. పెద్దలు వెంటనే ఉప్పురాశులకు తాటికమ్మలు కప్పేవారు.

ఒక ఏడాది రాజుగారు బడికి పెంకులు వేయించారు. ఊరంతా దండం పెట్టింది. పెంకుల వెనకాలే మూడు ఆజ్ఞలు వచ్చాయి.

మొదటిది, రాజ్యమంతటికీ ఒకే పుస్తకం. "వానలు ఆషాఢంలో మొదలవుతాయి" అని అందులో ఉంది. రాజధానిలో అది నిజమే.

రెండోది, బడిగోడకు సున్నం కొట్టి రాజుగారి బిరుదులు రాయాలి. తాటాకులను రాజధానికి పంపాలి.

"బాబూ, అవి మా కళ్లు," అన్నాడు పంతులు.

"చూడ్డానికి రాజుగారున్నారు. మీకు చెవులుంటే చాలు," అని ఆజ్ఞలు తెచ్చిన అధికారి తాటాకు కట్టలన్నీ బండికెత్తించాడు.

మూడోది పరీక్ష. వైశాఖమాసంలో, ఉప్పురాశులు పోసి ఉన్న వేళ అధికారి మళ్లీ వచ్చాడు. ఊరందరి ముందూ పిల్లల్ని నిలబెట్టి, "వాన ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు.

"ఆషాఢంలో!" అన్నారు అందరూ. తలా ఒక లడ్డూ పెట్టాడు.

ఉప్పు పండించే ఎర్రయ్య కూతురు నూకాలు మాత్రం, "ఎల్లుండి," అంది.

అధికారి పకపకా నవ్వాడు. "ఎవరు చెప్పారమ్మా, వరుణదేవుడా?"

"మూడు రోజులుగా గాలి దక్షిణాన్నే పట్టుకుంది. ఇలా పట్టిన ప్రతి ఏడాదీ అయిదో రోజున వాన పడిందని మా తాటాకుల్లో ఉందండీ."

"మందబుద్ధి," అని అధికారి రాసుకున్నాడు. పైకి చదివి మరీ రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక నూకాలు తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నా, రాశి కప్పేద్దాం. ఏడాది కష్టం."

ఎర్రయ్య ఏనాడూ కూతురి మాట కాదనలేదు. ఆ రోజు మాత్రం విసుక్కున్నాడు. "నోరు మూసుకోవే. ఇప్పటికే పరువు తీశావు. అంత పెద్దాయనకు తెలియదా?"

నూకాలు చెప్పిన ఎల్లుండి రానే వచ్చింది, పొద్దున్నే వాన పడింది. మధ్యాహ్నానికి ఊళ్లో ఒక్క రాశీ మిగల్లేదు.

ఎర్రయ్య మోకాలిలోతు నీళ్లలో నిలబడి, "చెప్పావు కదే తల్లీ," అన్నాడు. "పరీక్ష తప్పిన పిల్లవని నమ్మలేదు." ఆ తర్వాత గాలి సంగతి ఆయన ఎన్నిసార్లు అడిగినా నూకాలు చెప్పలేదు.

పంతులు రాజధానికి నడిచి వెళ్లి తాటాకులు అడిగాడు. కొట్లో చెదలు తిన్న పొడి చూపించారు. కొత్త పుస్తకంలో మాత్రం ఒక మాట చేరింది: "ఆ ఏడు ఉప్పలపాయలో అకాలవర్షం కురిసెను."

నీతి: బడికి కప్పు ఎవరు వేయించినా, పాఠం ఆ నేలను చూసినవాళ్లే చెప్పాలి. చూడనివాళ్లు చెప్పే చదువు కన్నబిడ్డ మాటను కూడా నమ్మనివ్వదు.