మైలగాడి మొహమాటం

చెరుకు తోటలు దాటాక వచ్చే చిట్టడవిలో ఒక బడి ఉంది. గోడల్లేవు, కప్పు లేదు, పరీక్షలు మాత్రం ఉన్నాయి. మేష్టారు ఎలుగుబంటి. ఆయనకి తేనంటే ప్రాణం, బట్టీ అంటే ఒళ్ళుమంట. ఫస్టు వచ్చినవాడికి ఏటి అవతల పెద్దబడిలో సీటు. ఏడాదికి ఒక్కటే సీటు. మిగతావాళ్ళు ఎవరి దారి వాళ్ళు చూసుకోవాల్సిందే.

ఆ ఏడు సీటు మీద ఇద్దరు కన్నేశారు. ఒకడు నక్క. పేరు కంఠీరవం. అంటే సింహం అని అర్థం, ఆ పేరు పెట్టిన తండ్రికి ఆశ కాస్త ఎక్కువ. పరీక్షలు ఇంకా కానేలేదు, కంఠీరవం అప్పుడే హాస్టలుకని ట్రంకుపెట్టె కొని, గుహ ముందు దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా పెట్టాడు.

రెండోవాడు మైలగాడు, కోడెదూడ. వాడి మేనమామ ఊళ్ళో గానుగ తిప్పుతాడు. కళ్ళకి గంతలు, మెడ మీద కాడి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే గుండ్రం. ఆయనకి వయసైపోయింది.

"ఏరా అల్లుడూ, సీటొస్తే సరే. రాకపోతే బెంగపడకు. నా తరవాత ఈ గంతలు నీకే ఇస్తానన్నాడు కామందు," అన్నాడు మావయ్య, ప్రేమగానే.

ఆ ప్రేమకే భయపడి మైలగాడు పుస్తకం ముందేసుకున్నాడు.

కంఠీరవం చదివే తీరు చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. పసుపుకొమ్ము నూరి, నెమలి ఈకతో ముఖ్యమైన వాక్యం కింద గీత గీస్తాడు. ఏం ఖర్మో, వాడికి అన్నీ ముఖ్యంగానే కనబడతాయి. పుస్తకమంతా పెళ్ళివారింటి గడపలా పచ్చగా తయారైంది. గీసిన పేజీలే తిరగేసుకుంటూ "ఇది నాకు తెలుసు, ఇదీ తెలుసు" అని తోక ఊపుకుంటాడు. పుస్తకం మూసి ఒక్కసారి పైకి చెప్పి చూసుకుందామని వాడికి ఏనాడూ తోచలేదు. తోచడానికి అసలు పుస్తకం మూస్తేగా!

వాడికున్న దిగులల్లా మైలగాడే. "ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి" అని పైకి నవ్వేవాడు గానీ లోపల గుబులు. ఈ మొద్దు పగలంతా తల ఎత్తకుండా చదువుతున్నాడు, వీణ్ణి చదువుకోనివ్వకూడదు అనుకున్నాడు. ఉపాయం వెంటనే తట్టింది. మైలగాడికి మొహమాటం అనే జబ్బుంది. గడపలోకి వచ్చి అడిగినవాణ్ణి కాదనలేడు.

నక్క తిన్నగా గంగులు దగ్గరికి వెళ్ళాడు. గంగులు గాడిద, బళ్ళో ఎప్పుడూ ఆఖరి వరస.

"గంగులన్నా, పాఠాలు అర్థమవుతున్నాయా?"

"భేషుగ్గా అవుతున్నాయి. మేష్టారు లేచి వెళ్ళిపోయేదాకా."

"మైలగాడి దగ్గరికి వెళ్ళరాదూ? వాడు చెబితే రాయికి కూడా అర్థమవుతుందట."

"పాపం, వాడికి పరీక్షలు కదా!"

"నీకు లేవూ? అడగందే అమ్మైనా పెట్టదు. ఒకసారికి తెలియకపోతే పదిసార్లు అడుగు, సిగ్గుపడకు. నేను పంపానని మాత్రం చెప్పకు, నాకు పొగడ్తలు గిట్టవు."

అదే ముక్క మేకకీ చెప్పాడు, కుందేలుకీ చెప్పాడు. మర్నాటి నుంచి మైలగాడి పాక ముందు సంతే సంత.

"ఎండకి నీరు ఆవిరై పైకి పోతుందన్నావు," అన్నాడు గంగులు. "పోయింది పైనే ఉండొచ్చుగా? మళ్ళీ వానై కిందెందుకు పడటం?"

అప్పటిదాకా ఆ పాఠం తనకి వచ్చనే అనుకున్నాడు మైలగాడు పాపం. పుస్తకం తీశాడు, అందులోనూ తిన్నగా లేదు. పరిగెత్తుకెళ్ళి మేష్టారిని అడిగాడు. పైన చలి ఎక్కువ, చలి తగిలితే ఆవిరి మళ్ళీ నీరవుతుంది అని చెప్పాడాయన. ఆ మాట గంగులుకి మోసుకొచ్చాడు.

"నాకు ఆవిరెప్పుడూ కనబడలేదే!" అంది మేక.

"ఆ నల్లరాయి చల్లగా ఉంది చూడు, దాని మీద ఊదు," అన్నాడు మైలగాడు.

మేక ఊదింది. రాయి మీద తడి కమ్మింది.

"ఓసినీ! ఇంతకాలం నా నోట్లోనే పెట్టుకు తిరిగానా!" అంది మేక, గంతులేస్తూ.

గంగులుకి మాత్రం మళ్ళీ మొదట్నుంచీ కావాలి. మైలగాడు చెప్పాడు, ఈసారి పుస్తకం ముట్టుకోకుండానే. ఆ సంగతి వాడు గమనించనే లేదు, పొద్దు గుంకుతోందన్న బెంగలో ఉన్నాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక మావయ్య దగ్గరికి పోయి బావురుమన్నాడు.

"నా పని అయిపోయింది మావయ్యా. వాళ్ళకి చెప్పడంతోనే సరిపోతోంది. నేను చదువుకునేదెప్పుడు?"

"పొమ్మని ఒక్క తాపు తన్నరాదురా?"

"మొహం చూశాక ఎలా తన్ననూ?"

"అయితే నువ్వు గానుగకే తగుదువు. ఇక్కడ సుఖం, ఎవ్వరూ వచ్చి నిన్నేమీ అడగరు," అన్నాడు మావయ్య. మైలగాడికి ఏడుపు రెట్టింపైంది.

పొద చాటు నుంచి ఇదంతా విన్న కంఠీరవం ఇంటికి పోయి, ట్రంకుపెట్టె మీద తన పేరు రాయించుకున్నాడు.

పరీక్ష రోజున మేష్టారు ఒకటే ప్రశ్న ఇచ్చాడు. "చల్లటి నీళ్ళు పోసిన చెంబు బయట నీటిచుక్కలు పడతాయి. అవెక్కణ్ణుంచి వచ్చాయో మీ సొంత మాటల్లో రాయండి."

మైలగాడు భయంభయంగానే రాయడం మొదలుపెట్టాడు. గంగులు ఎదురుగా కూచుని "ఎందుకూ? ఎందుకూ?" అంటున్నట్టే తోచింది. గాలిలో ఆవిరుంది, చల్లటి చెంబు తగిలి నీరైంది, పైన మబ్బుకి జరిగేదీ ఇదే, నమ్మకం లేకపోతే నల్లరాయి మీద ఊదండి అని రాసి లేచాడు.

కంఠీరవం కళ్ళు మూసుకున్నాడు. పేజీ కనబడింది, పసుపు గీత కూడా ధగధగా కనబడింది. గీత మీద ఏముందో మాత్రం కనబడలేదు.

మార్కులొచ్చాయి. సీటు మైలగాడికి. గంగులు కూడా పాసయ్యేసరికి మేష్టారు కాగితం తిరగేసి తిరగేసి చూశాడు. నక్కకి వచ్చింది ఒక్క మార్కు.

"ఇదన్యాయం!" అని ఎగిరాడు కంఠీరవం. "మన పుస్తకంలో చెంబే లేదు!" ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మేష్టారు వాడి కాగితం పైకెత్తి చదివాడు. "'దీని జవాబు కుడిచేతి పేజీలో, కింది మూల, పసుపు గీత మీద కలదు.' అందులో అబద్ధం లేదు నాయనా. అందుకే ఆ ఒక్క మార్కు."

బడంతా గొల్లున నవ్వింది. నక్కకి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది.

"ఒరే మైలగా! వాళ్ళని నీ మీదకి తోలింది నేనేరా! నీ చదువు చెడగొడదామని, రోజూ నేనే పంపానురా!"

మైలగాడు నిజంగానే నొచ్చుకున్నాడు.

"నువ్వా అన్నా? అయ్యో, ముందే చెప్పకపోయావా! వాళ్ళు అడగబట్టే ఆ పాఠం నాకొచ్చిందని ఇందాకే అందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టొచ్చాను, నీకొక్కడికే పెట్టలేదు," అని వంగి దణ్ణం పెట్టాడు.

నీతి: గీత గీసిన పాఠం పుస్తకంలోనే ఉంటుంది, నలుగురికి చెప్పిన పాఠం మనతో వస్తుంది.