వైద్యశాల గంటం

అనగనగా, కాగితం ఇంకా మన దేశం ముఖం చూడని కాలంలో, నెమలికొండ అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యపు వైద్యశాలలో ఒక పెద్ద తాళపత్ర గ్రంథం ఉండేది. ఇంటికొక తాటాకు. ఎవరికి ఏ జబ్బు ఉంది, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ అందులో రాసి ఉండేవి. వైద్యుడు కేశవాచారి ఆకు చూడనిదే మందు నూరేవాడు కాదు.

గ్రంథం పక్కనే, తాటాకు మీద రాసే ఇనుప గంటం తాడుకు వేలాడుతుండేది.

"గ్రంథం ప్రజలది, గంటమూ ప్రజలదే. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు!" అని రాజు మేఘవర్మ ఆజ్ఞ. ఎంత ఉదారుడినో అని ఆయనగారి మురిపెం. తన నగలపెట్టె తాళంచెవి మాత్రం మొలతాడుకే కట్టుకునేవాడు!

మొదట వస్తాదు బుడ్డన్న వచ్చాడు. తన ఆకు మీద "మోకాలు బలహీనం, కుస్తీ వద్దు" అన్న మాట గీకేశాడు. పోటీకి దిగి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"వాడి కాలు, వాడిష్టం" అన్నాడు రాజు.

తరువాత వంటవాడు సింగన్న వచ్చాడు. "అంటుజ్వరం తగ్గేదాకా వంటశాలకు రాకూడదు" అన్న మాట గీకేసి గరిటె పట్టాడు. వారం తిరక్కుండా వంటశాల మొత్తం మంచం పట్టింది.

"గాలి మారింది" అన్నాడు రాజు. గాలి మారిందట! వింటున్నారా పిల్లలూ?

మూడోసారి నూనె వర్తకుడు తిప్పన్న వచ్చాడు. కుమ్మరి ఓబులమ్మ కూతురు నీలికి నువ్వులనూనె పడదు. చుక్క మింగినా గొంతు వాస్తుంది. ఆకు మీద ఆ మాట చదివినవాళ్లు తన నూనె కొనడం మానేస్తున్నారని తిప్పన్నకు ఒకటే మంట. ఎవరూ చూడకుండా ఆ వరస గీకేశాడు, పాపిష్టివాడు!

నీలికి దగ్గు వచ్చింది. వైద్యుడు ఆకు చూశాడు. అడ్డేమీ కనిపించలేదు. నువ్వులనూనెతో చేసిన లేహ్యం ఇచ్చాడు. పిల్ల గొంతు బిగిసింది. మూడు రోజులు చావుతో పెనుగులాడి బతికింది.

నాలుగో రోజు ఓబులమ్మ గీకిన ఆకు పట్టుకుని నేరుగా సభకు వచ్చింది.

"ఇది ఎవరు గీకారు ప్రభూ?"

"ఎలా తెలుస్తుందమ్మా? గంటం అందరిదీ కదా."

"తమరి నగలకు తాళం ఉంది. నా బిడ్డ ప్రాణం మాత్రం దారినపోయే ప్రతివాడి చేతిలో పెట్టారా? ఇదా దయ? ఇది ఒళ్లు దాచుకోవడం ప్రభూ!"

రాజు తల ఎత్తలేకపోయాడు. "ఏం చేయమంటావో నువ్వే చెప్పు తల్లీ" అన్నాడు.

"ఎవరి ఆకు వాళ్లే చూసుకోవాలి. రాసేది వైద్యుడొక్కడే. పాత మాట గీకకూడదు, దాని మీద గీత గీసి, మార్చమన్నవాడి పేరు పక్కనే చెక్కాలి."

రాజు అలాగే చాటింపు వేయించాడు. నీలి ఆకు మీద పాత మాట తిరిగి ఎక్కింది.

అది తెలిసి, తన బేరం మళ్లీ పడిపోతుందన్న భయంతో తిప్పన్న మర్నాడే వైద్యశాలకు పరుగెత్తుకొచ్చాడు. "ఆచారిగారూ, ఆ పిల్ల ఆకు మీద నూనె మాట కొట్టేయండి."

వైద్యుడు గంటం చేతిలోకి తీసుకున్నాడు. "అలాగే. పక్కన మీ పేరే చెక్కమంటారా?"

తిప్పన్న వెనక్కి తిరిగాడు. గుమ్మంలో నీలి చెయ్యి పట్టుకుని నిలబడిన ఓబులమ్మ అడిగింది, "నా బిడ్డ ఆకుతో నీకేం పనయ్యా?"

అతను తప్పు ఒప్పుకున్నాడు. నిన్నటిదాకా ఎవరో తెలియని దుర్మార్గుడికి ఆ పూట పేరు దొరికింది.

నీతి: పదిమంది ప్రాణాలు కాపాడే రాతను దిద్దే హక్కు, దానికి తన పేరుతో జవాబు చెప్పగలవాడికే ఉండాలి.