ఎంత సున్నం చాలు?

రాజుగారి ఈత కొలను చూసుకునేది నేనే. ఈత మాత్రం రాదు. మోకాలి లోతులోనే దేవుళ్లందరినీ పిలుస్తాను. నీళ్లు పచ్చబడ్డాయని మంత్రి తిప్పనగారు నాచేత రోజూ తట్టలకొద్దీ సున్నం కలిపించారు. చివరికి రాజుగారి కళ్లు మండి ఎర్రబడ్డాయి.

"ఈ మొద్దు తక్కువ కలిపాడు ప్రభూ! ఇంకా కలిపించి, వీణ్ణి కొరడాతో కొట్టించండి," అన్నారు మంత్రిగారు.

నేను చేతులు జోడించాను. "నిజమే ప్రభూ, నేను మొద్దునే. నాకు కొలత తెలియదు. మంత్రిగారు పీకల్లోతు నీళ్లలో నిలబడితే, వారు చాలనేదాకా పోస్తాను."

రాజుగారు సరేనన్నారు. మంత్రిగారికి దిగక తప్పలేదు. నేను మొదటి తట్ట ఎత్తానో లేదో, ఆయన కళ్లు నులుముకుంటూ కేకపెట్టారు.

"చాలురా నాయనా! ఉన్నదే ఎక్కువైంది!"

రాజుగారు పగలబడి నవ్వి, సగం నీళ్లు తోడేసి కొత్తనీళ్లు నింపమన్నారు. గెలిచింది నేనే. తోడిందీ నేనే.