గత్తర సందు

మల్లేశం సారు పోయి ఏడాది. ఊళ్ళ పేర్లు, వాగుల పేర్లు, గుట్టల పేర్లు ఏరుకుంటూ నలభై ఏళ్ళు సైకిలు తొక్కిన మనిషి. పోయిన రోజున పేపర్లో నాలుగు లైన్లు కూడా రాలేదు. ఆయన నోటుబుక్కులు మాకొద్దని యూనివర్సిటీ చేతులు దులుపుకుంది.

ఇది పుష్పలీలకు మింగుడు పడలేదు. సారు చివరి శిష్యురాలు ఆమె. వాదనకు దిగితే ఎవరికీ లొంగే రకం కాదు.

పదకొండు నెలలు మున్సిపాలిటీ మెట్లు ఎక్కింది, దిగింది, అరిచింది. చివరికి సారు అద్దెకున్న సందు మొగదల నీలం బోర్డు పెట్టించింది: ఎర్రోజు మల్లేశం వీధి.

ఆ మాట చెప్పడానికి ఖాసిం ఉస్తాద్ దగ్గరికి ఉరికింది. మల్లేశానికి పాత ఉర్దూ దస్తావేజులు చదవడం నేర్పిన గురువు ఆయన. శిష్యుడి పాడెను తన భుజం మీద మోసిన ముసలివాడు.

"సారును మరిచిపోనియ్యను ఉస్తాద్! ఇంక ఎవడు మరిచిపోతాడో నేనూ చూస్తా."

"ఆ సందుకు ముందు పేరు లేకుండెనా, బిడ్డా?"

"ఉంది. గత్తర సందు. ఛీ, కలరా పేరు! అదెవరికి కావాలి? ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. ఒక్కరంటే ఒక్కరూ కాదనలేదు."

ఉస్తాద్ లేచాడు. ట్రంకుపెట్టెలోంచి మల్లేశం నోటుబుక్కు ఒకటి తీసి చంకలో పెట్టుకున్నాడు. చెప్పులేసుకున్నాడు.

"పద."

బోర్డు కింద అరుగు మీద రాజవ్వ బీడీలు చుడుతోంది. పుష్పలీలను చూడగానే మొహం విప్పారింది.

"మంచి పని చేసినవ్ బిడ్డా. గత్తర సందంటే పిల్లనిచ్చెటోళ్ళే లేకుండిరి. ఆ పాడు పేరు ఇంక మా నోట రాదు."

ఉస్తాద్ నోటుబుక్కు తెరిచి ఒక పేజీ దగ్గర పుష్పలీల చేతికిచ్చాడు.

"గట్టిగ చదువు."

"గత్తర సందు. గత్తరొచ్చిన ఏడు ఈ సందుల పోయినోళ్ళు. కాలవెట్టలేదు, రాయి పాతలేదు, ఈ సందు పేరొక్కటే గుర్తు. బుర్ర సాయవ్వ. సాయవ్వ చంటిపిల్ల. గడ్డం ఎల్లయ్య. ఎల్లయ్య తమ్ముడు కొంరయ్య. పేరు చెప్పకముందే పోయిన కూలి ఒకడు..."

మొత్తం ముప్పై ఒక్కరు. ఒక్కొక్కరి పక్కన ఆ సంగతి సారుకు చెప్పిన ముసలివాళ్ళ పేర్లు. వాళ్ళూ ఇప్పుడు లేరు.

ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కరొక్కరే వచ్చి మూగారు.

"పింఛన్ల లిస్టా అక్కా? మా అత్త పేరుందేమో చూడవా?"

"ఎవరే వాళ్ళంతా? మన దిక్కు పేర్లేనా?"

రాజవ్వ తల కూడా ఎత్తలేదు. చేతిలోని బీడీకి దారం చుట్టి తెంపింది.

"మన వీధోళ్ళు కాదు తియ్యి. లోపలికి పోండ్రి."

అందరూ లోపలికి పోయారు.

పుష్పలీల అరుగు మీద కూర్చుని నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుంది.

ఉస్తాద్ జేబులోంచి పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"కింద ఇంకో పేరు రాయి, బిడ్డా."

ఎవరిదని పుష్పలీల అడగలేదు. తలెత్తి నీలం బోర్డు మీది పేరు చూసింది.