మూత బిగించిన సీసా

ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒక్కటి అబద్ధమైనా నా కాఫీలో చక్కెర పడకుండా పోవుగాక. ఈ వయసులో ఇంతకన్నా పెద్ద ఒట్టు ఎవరూ పెట్టుకోరు.

మెకానిక్ నాంచారయ్యకు వచ్చిన కష్టం ఏమిటంటే, లోయలో పులిలా దూకే కారు కనుమ ఎక్కేసరికి పిల్లిలా ముడుచుకుని కూర్చుంటోంది.

కారు డోల్మాది. ఆమె హిమాలయాల్లో పుట్టిన పిల్ల. వాళ్ళ నాన్న పోతూ పోతూ ఆమెకు మిగిల్చిన ఆస్తల్లా ఆ కారే. దాని ఇంజనుకు సూపర్‌చార్జర్ ఉంది. అంటే, ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, బయటి గాలిని కూరి కూరి లోపలికి నెట్టే యంత్రం. పెళ్ళిలో వియ్యపురాలికి వద్దంటున్నా వడ్డిస్తారే, అలాగన్నమాట. ఎంత గాలి కూరుతోందో చూపించడానికి ఒక మీటరు. లోయలో దాని ముల్లు, దాటితే ఇంజనుకే ముప్పనే ఎర్ర గీత అంచు దాకా లేచేది. కనుమ మీద గాలి పలచన. ఎంత పలచనంటే, అక్కడి కాకులు రెక్కలకు గాలి ఆనక ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచే వెళ్ళేవి. అక్కడికి చేరేసరికి ముల్లు సగంలోనే చతికిలబడేది.

ఆదివారం పందెం. లోయలో మొదలై కనుమ మీద ముగుస్తుంది.

"గెలిస్తే సంతోషమే," అంది డోల్మా. "కానీ ఇంజను పోగొట్టావో, నీ తాట తీస్తాను నాంచారయ్యా. ఇలాంటిది ఇప్పుడు వెతికినా దొరకదు. మా నాన్న చెయ్యి పడిన ఇంజను."

కొండల పిల్లకు ఇంత తెలుగు ఎక్కడిదంటారా? కాలేషా ఉస్తాద్ షెడ్డు చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకుంది. ముందు తిట్లు వచ్చాయి, మాటలు తర్వాత వచ్చాయి.

కాలేషా ఉస్తాద్‌ది బాపట్ల పక్క ఊరు. వయసులో ఉండగా సరుకుల లారీ తోలుకుంటూ ఆ లోయకు వెళ్ళి, చెడిపోయిన లారీని బాగుచేస్తూ, తర్వాత ఊళ్ళోవాళ్ళ బళ్ళు బాగుచేస్తూ అక్కడే ఉండిపోయాడు. ఆయన గడ్డం ఎంత పొడుగంటే, బానెట్‌లోకి వంగేముందు మడతలు పెట్టి జేబులో దోపుకునేవాడు. నమాజుకు ముందు కాలువలో చేతులు కడుక్కుంటే, ఆ గ్రీజుకు నీళ్ళలో చేపలు నిలదొక్కుకోలేక జారి ఒడ్డున పడేవి. మాటలు మాత్రం చాలా తక్కువ.

ఆయనకు ఒక్కడే శిష్యుడు, నాంచారయ్య. అవనిగడ్డ నుంచి విజయవాడ ఆటోనగర్‌కు, అక్కణ్ణుంచి ఉస్తాద్ పేరు విని ఏకంగా మంచుకొండల్లోకి వచ్చినవాడు. మంచి పనివాడు. అతను స్పానరు పట్టుకుని దగ్గరికొస్తే మొండికేసిన ఇంజను కూడా సిగ్గుపడి తిరిగేది. ఆ సంగతి అతనికీ తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు.

ఉస్తాద్ దగ్గర ఒక ఇనప కడ్డీ ఉండేది. ఒక కొన ఇంజనుకు, రెండో కొన చెవికి ఆనించి వింటే లోపల ఏ భాగం బాధపడుతోందో తెలుస్తుంది. దాన్ని ఇంకెవరూ ముట్టరాదు. ఆయన ఎవరి చేతికిస్తే వాళ్ళు ఆ రోజు నుంచి ఉస్తాద్. ఆ షెడ్డు ఆచారం అది. నాంచారయ్య అన్నం తింటూ కడ్డీని చూసేవాడు, టీ తాగుతూ కడ్డీని చూసేవాడు. పెళ్ళికూతుర్ని కూడా ఎవరూ అలా చూసి ఉండరు.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ కారులో కనుమ ఎక్కారు. ఉస్తాద్ వెనక సీట్లో దుప్పటి కప్పుకుని, ఒళ్ళో కడ్డీ పెట్టుకుని కూర్చున్నాడు.

పైన గాలికి దుప్పట్లు ఎగిరిపోతుంటే, నాంచారయ్య బానెట్ ఎత్తి పని మొదలుపెట్టాడు. సూపర్‌చార్జరును బెల్టుతో తిప్పే పెద్ద పుల్లీ తీసేసి చిన్నది వేశాడు. పుల్లీ చిన్నదైతే యంత్రం ఇంకా జోరుగా తిరుగుతుంది, గాలిని ఇంకా ఎక్కువ కూరుతుంది. స్టార్ట్ చేసి చూశాడు. ముల్లు లేచింది కానీ ఎర్ర గీతకు ఇంకా కాస్త తక్కువే.

పక్కనే ఒక చిన్న వాల్వు ఉంది. లోపల గాలి మరీ ఎక్కువైతే దానంతటదే తెరుచుకుని మిగులును బయటికి వదిలేస్తుంది. పాతబడి, ఊరికే కూడా కొంచెం కొంచెం వదులుతోంది. నాంచారయ్య ఒక బోల్టు తీసుకుని దాని నోట్లో పెట్టి బిగించేశాడు.

"అదెందుకురా?" అన్నాడు ఉస్తాద్.

"ఇక్కడ దొరికేదే పిడికెడు గాలి ఉస్తాద్. అందులోంచి కూడా దానధర్మాలా?"

ఉస్తాద్ దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఈసారి ముల్లు సరిగ్గా లోయలో నిలిచే చోటే నిలిచింది. నాంచారయ్య కారును కనుమ మీద ఒక చుట్టు తిప్పాడు. అది ఎలా ఉరికిందంటే, దాని నీడ వెనకబడిపోయి కాసేపటికి వచ్చి కలుసుకుంది. డోల్మా ఈల వేసింది. నాంచారయ్య దిగి, చేతులు తుడుచుకుని, ఉస్తాద్ ఎదుట నిలబడ్డాడు.

"ఇంత ఎత్తులో ముల్లును అక్కడిదాకా ఇంకెవడైనా లేపుతాడా ఉస్తాద్? ఇక ఆ కడ్డీ నా చేతికి ఇవ్వచ్చు కదా."

ఉస్తాద్ ప్లాస్టిక్ సీసాలో మిగిలిన నీళ్ళు నిదానంగా తాగాడు. చివరి చుక్క కూడా విదిలించాడు. ఖాళీ సీసాకు మూత పెట్టి, గట్టిగా బిగించి, శిష్యుడి చేతికిచ్చాడు.

"ముందు ఇది పట్టుకో. మూత తీయకు. కింద షెడ్డు దగ్గర నాకివ్వు."

"ఖాళీ సీసానా?"

"దాంట్లో ఇక్కడి గాలి ఉంది."

డోల్మా కిసుక్కున నవ్వింది. నాంచారయ్య మొహం ఎర్రబడింది. సీసాను ముందద్దం దగ్గర పెట్టి, తలుపు అవసరమైన దానికన్నా గట్టిగా వేసి, కారు కిందికి దించాడు. ఉస్తాద్ వెనక ముసుగు పెట్టి గురక మొదలుపెట్టాడు. ఆ గురకకు పక్క కొండ మీద మంచు జారిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మలుపు తర్వాత మలుపు. మంచు పోయి రాళ్ళు వచ్చాయి, రాళ్ళు పోయి గడ్డి వచ్చింది. చెవులు గుయ్యిమన్నాయి. ఎక్కడో టక్ మని చప్పుడైంది.

"ఏంటది?" అంది డోల్మా ఉలిక్కిపడి.

"సీసా," అన్నాడు నాంచారయ్య.

సీసా పక్కకు చొట్టపోయింది. ఇంకో రెండు మలుపులకు ఇంకోవైపు చొట్టపోయింది. ఎవరో కనపడని చెయ్యి పట్టుకుని పిండుతున్నట్టు నడుము సన్నబడింది.

"ఉస్తాద్ సీసాకు అలక వచ్చింది," అని డోల్మా నవ్వింది. నాంచారయ్య కూడా నవ్వాడు.

షెడ్డుకు కాస్త ముందు ఒక మిట్ట ఉంది. దిగే దారంతా కాలు తేలిగ్గా పెట్టి వచ్చిన నాంచారయ్య, మిట్ట ఎక్కడానికి యాక్సిలరేటరు తొక్కాడు. కారు ముందుకు దూకింది. ముల్లు ఎర్ర గీత చేరింది. ఆగలేదు. గీత దాటింది.

మూకుట్లో శనగలు వేగుతున్నట్టు చిటపట చప్పుడు.

డోల్మా సీసా వైపు చూసింది. సీసా కదలకుండా ఉంది. చప్పుడు బానెట్ కింది నుంచి వస్తోంది.

నాంచారయ్య కాలు తీసేసి, కారు పక్కకు ఆపి, ఇంజను కట్టేశాడు. చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి.

"ఏమైంది?" అంది డోల్మా. ఈసారి ఆమె గొంతులో తిట్టు లేదు. "నిజం చెప్పు. మా నాన్న ఇంజను పోయిందా?"

కాసేపటి కిందట కొండంత ఉన్న నాంచారయ్య ఆ సీట్లో వెతికితే గానీ కనపడనంత అయిపోయాడు.

వెనక గురక ఆగింది. దుప్పట్లోంచి ఒక చెయ్యి వచ్చింది.

"షెడ్డు వచ్చిందా?"

"ఇంకా లేదు ఉస్తాద్."

"పర్లేదు. సీసా ఇటివ్వు."

నాంచారయ్య ఇచ్చాడు. ఉస్తాద్ దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు నలిపారు?"

"ఎవరూ ముట్టలేదు ఉస్తాద్."

"మూత వదులైందా?"

"లేదు. మీరు బిగించినట్టే ఉంది."

"పైన నిండుగా ఉండె కదరా."

"పైన నిండుగానే ఉంది."

ఉస్తాద్ సీసా తిరిగి అతని చేతిలో పెట్టాడు.

"తీయి మరి."

నాంచారయ్య మూత తిప్పాడు. ఉస్స్ మంది. చొట్టలు ఒకదాని తర్వాత ఒకటి టపటపా విడిపోయి, సీసా నడుము నిలబెట్టుకుంది. ఆ చప్పుడుకు ఎదురు గట్టున మేస్తున్న మేకలు ఇంకో జిల్లాకు పారిపోయాయి.

"కింద గాలి ఇంత చిక్కనా!" అని గొణుక్కున్నాడు నాంచారయ్య. తర్వాత దిగి, బానెట్ ఎత్తి, స్పానరు అందుకున్నాడు. వాల్వు నోట్లోని బోల్టు కాలిపోతోంది. చెయ్యి చురుక్కుమంటున్నా ఆగకుండా విప్పి తీసేశాడు.

"స్టార్ట్ చెయ్యి," అన్నాడు డోల్మాతో, చిన్నగా.

డోల్మా స్టీరింగు ముందుకు జరిగి, ముందు కళ్ళు మూసుకుంది, తర్వాత తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. భయంభయంగా కారును మిట్ట మీదికి ఎక్కించింది. నాంచారయ్య పక్కనే పరిగెత్తాడు. ముల్లు ఎర్ర గీత దాకా లేచింది. వాల్వు నిట్టూర్చినట్టు ఉస్స్ మని గాలి వదిలింది. ముల్లు అక్కడే నిలబడింది. శనగల చప్పుడు లేదు.

మిట్ట మీద కారు ఆగింది. డోల్మా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"లోపల ఏమైనా కాలిందా? అది చెప్పు ముందు."

ఉస్తాద్ కారు దిగాడు. ఒళ్ళు విరుచుకుని, నాంచారయ్య చేతిలో కడ్డీ పెట్టాడు.

"విను."

నాంచారయ్య ఒక కొన ఇంజనుకు, ఇంకో కొన చెవికి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో పిస్టన్ దగ్గరా ఆగి ఆగి విన్నాడు.

"ఏమంటోంది?" అంది డోల్మా.

"ఊపిరి తీసుకుంటోంది," అన్నాడు నాంచారయ్య. ఇంకా వింటూనే ఉన్నాడు.

ఉస్తాద్ దుప్పటి భుజాన వేసుకుని షెడ్డు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కడ్డీ అడగలేదు. అది తన చేతిలో ఉండిపోయిందని నాంచారయ్య కూడా గమనించలేదు.

ఆదివారం పందెంలో డోల్మా ఎంత జోరుగా వెళ్ళిందంటే, శనివారం సాయంత్రానికే కనుమ చేరిందట.

ఏమిటా చూపు? నమ్మకం లేకపోతే ఈసారి కొండకు వెళ్ళినప్పుడు పైన సీసా మూత బిగించి పట్టుకురా, నేనే నీకు చూపిస్తాను. ఇప్పటికైతే లేచి, ఆ చెప్పులు తొడుక్కుని, కొట్టు నుంచి చక్కెర పట్రా నాయనా. డబ్బా ఖాళీ. పొద్దుటి నుంచి చప్పటి కాఫీ తాగుతున్నాను.