సాలెవీధిలో స్తంభాలు

పసుపుకోట రాజు మల్లభూపతి పొరుగు రాజ్యానికి చుట్టపుచూపుగా వెళ్ళి, అక్కడి మేడలు చూసి మనసు పారేసుకున్నాడు.

"మన ఊళ్ళో ఏమున్నాయి? పెంకుటిళ్ళూ పాత నియమాలూ! ఇవాళ్టి నుంచి నియమాలన్నీ రద్దు. ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టుకోండి!" అన్నాడు రాగానే.

జనం ఎగిరి గంతేశారు. గంతెయ్యరూ మరి? అంతవరకూ గోడకు సున్నం కొట్టించాలన్నా కొలువులో అనుమతి కావాల్సి వచ్చేది.

అందరికంటే ముందు దళపతి కొండమనాయకుడు రంగంలోకి దిగాడు. నేతవాళ్ళుండే సాలెవీధిలో తన ఇంటి ముందు మండపం లేపి, దాని స్తంభాలు తెచ్చి వీధి నడిమధ్య పాతించాడు. దళపతిగారే వీధిలోకొస్తే మనకేం తక్కువని మిగతావాళ్ళూ అరుగులు ముందుకు జరిపారు.

నెల తిరక్కుండానే నేతగత్తె వీరమ్మ ఏడుస్తూ తిప్పన్న దగ్గరికొచ్చింది. తిప్పన్నది కొలువులో చిన్న ఉద్యోగమే, నోరే పెద్దది.

"పడుగు నూలు వీధి పొడుగునా చాపి గంజి పట్టిస్తేగాని మాకు నేత లేదు బాబూ. ఇప్పుడు చాపే చోటేదీ? ఊరొదిలి పోవడమే."

"రాజుగారి వసంతోత్సవం పంచె నేసేది నువ్వేగా అక్కా?"

"నేనే బాబూ."

"చోటున్నంత మేరకే నెయ్యి. మూర కూడా పెంచకు."

"అమ్మో, నా తల తీయించేస్తారు!"

"నీ తలకు నా తల పూచీ. పోయి నెయ్యి."

వసంతోత్సవం నాడు రాజు సాలెవీధి పంచె కట్టుకునే కొలువుతీరాలి. అది తాతల నాటి ఆచారం. నిండు సభలోకి మల్లభూపతి రెండు చేతులతో నడుము దగ్గర ముడి పట్టుకుని వచ్చాడు. పంచె ఒక చుట్టు తిరిగేసరికి అయిపోయింది. కుచ్చిళ్ళు లేవు, గోచీ అసలే లేదు. సింహాసనం ఎదురుగా ఉన్నా పాపం, కూర్చునే ధైర్యం చెయ్యలేదు.

"ఎంత అపచారం! ఆ నేతగత్తెను బంధించండి!" అని కొండమనాయకుడు గర్జించాడు.

తిప్పన్న లేచాడు. "ఆమె తప్పేం లేదు ప్రభూ. పడుగు దళపతిగారి స్తంభం దగ్గర మొదలెడితే పక్కింటి అరుగు అడ్డమొచ్చింది. దొరికిన చోటుకు ఆ మాత్రమైనా నేసింది."

"అయితే? నేతవాళ్ళ కోసం ఊరు పెరగొద్దంటావా?" అని దళపతి మీసం దువ్వాడు.

"పెరగాలి నాయకా! కానీ తమ ఇల్లు పెరిగినంత మేరా దొరగారి పంచె తరిగింది."

రాజు ఒకసారి తన నడుము వంక, ఒకసారి దళపతి వంక చూశాడు. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది.

"అయితే పాత నియమాలన్నీ మళ్ళీ పెట్టమంటావా తిప్పన్నా?"

"వద్దు ప్రభూ! సున్నానికీ పెంకుకీ అనుమతులెందుకు? గడప లోపల ఎవరిష్టం వాళ్ళది. గడప దాటితే మాత్రం వీధి ఊరందరిదీ."

"అదే శాసనం! నాయకా, పొద్దుగూకేలోగా స్తంభాలు పీకించు. లేదా రేపు ఈ పంచెతో నువ్వు కొలువుకు రా."

దళపతి తన బొజ్జ వంక చూసుకున్నాడు. ఆ పంచె దానికి సగం చుట్టు కూడా రాదు. వెంటనే గునపాల కోసం పరిగెత్తాడు.

"భేష్ తిప్పన్నా! ఇదిగో, నా మెడలోని ముత్యాలహారం నీదే" అన్నాడు రాజు. అని, కదలకుండా అలాగే నిలబడ్డాడు.

తిప్పన్న చెయ్యి చాపి ఎదురుచూశాడు.

"చూస్తావేమయ్యా? వచ్చి నువ్వే తీసుకో. నేను చెయ్యి వదిలితే రాజ్యం పరువు పోతుంది!"

సభంతా పడీపడీ నవ్వింది.